లాప్‌టాప్ బ్యాటరీకి వయసైపోతే...

అమ్మాయి గదిలో ఆన్‌లైన్ పరీక్ష రాస్తోంది. మీరు వంటింట్లో పప్పుకి పోపు వేస్తున్నారు. ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, ఎగ్జాస్టు ఆగింది, అది మామూలే అనుకున్నారు. ఇంతలో లోపల్నుంచి "అమ్మా! లాప్‌టాప్ ఆగిపోయింది!" అని కేక. అదేమిటి, లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది కదా, కరెంటు లేకపోయినా నడవాలి కదా అనుకుంటూ పరుగెత్తుకెళ్లి చూస్తే తెర నల్లగా ఉంది. పొద్దున్నే నూటికి నూరు శాతం చార్జి అయినట్టు చూపించిన యంత్రమే అది!

ఈ అనుభవం మీ ఒక్కరిదే కాదు. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డప్పుడు, ఇంట్లో కంప్యూటరంటే తెలియని కుటుంబాలు కూడా చీటీ పాడో, వాయిదాల మీదో లాప్‌టాప్‌లు కొన్నాయి. ఆ యంత్రాలకి ఐదేళ్లు దాటాయి. తెర బాగానే ఉంటుంది, మీటలన్నీ పనిచేస్తాయి, పిల్లలు పెంచుకున్న ఫొటోలూ పాఠాలూ అన్నీ అందులోనే ఉంటాయి. చార్జి మాత్రం నిలబడదు. "ఇక ఇది పోయినట్టే, కొత్తది కొనాల్సిందే" అని అబ్బాయి తేల్చేస్తాడు. మీవారు నెలఖర్చుల పుస్తకం వంక చూసి మౌనంగా ఉండిపోతారు.

ఒక్క నిమిషం ఆగండి. కుక్కరు ఆవిరి లీకవుతోందని కుక్కరునే పారేస్తామా? గాస్కెట్ మారుస్తాం. లాప్‌టాప్‌లో బ్యాటరీ కూడా అలాంటిదే. అరిగిపోవడం దాని స్వభావం. అది అరిగిందంటే యంత్రం చెడిందని కాదు. అయితే గాస్కెట్‌కీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. పాత గాస్కెట్ మనల్ని ఏమీ చెయ్యదు. పాతబడి ఉబ్బిన బ్యాటరీని మాత్రం ఇంట్లో ఉంచుకోకూడదు. ఆ సంగతి కాస్త వివరంగా చెప్పుకుందాం.

నూరు శాతం అంటే దేనిలో నూరు?

లాప్‌టాప్‌లలోనూ, సెల్‌ఫోన్లలోనూ ఉండేవి లిథియం అయాన్ బ్యాటరీలు. సోనీ కంపెనీ 1991లో వీటిని మొదటిసారి బజారులోకి తెచ్చింది. వీటి వెనుక ఉన్న పరిశోధనకే 2019లో జాన్ గుడినఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకిరా యోషినో అనే ముగ్గురికి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. లోపల జరిగేది పెద్ద వింతేమీ కాదు. చార్జి చేస్తే లిథియం కణాలు ఒక పక్కనుంచి రెండో పక్కకి వెళతాయి, వాడుతుంటే తిరిగి వస్తాయి. ఇలా తిరిగే ప్రతిసారీ కొద్ది కొద్దిగా లిథియం ఒక పొరలా పేరుకుని అక్కడే చిక్కుకుపోతుంది. ఉప్పునీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కట్టడం చూశారు కదా, అలా. పొర దళసరి అయిన కొద్దీ తిరగడానికి మిగిలే లిథియం తగ్గిపోతుంది.

మరి తెర మీద నూరు శాతం అని ఎందుకు చూపించింది అంటారా? మానెడు పట్టే గిన్నె సొట్టలు పడి సోలెడే పడుతోందనుకోండి. ఆ సోలెడూ పోస్తే గిన్నె నిండిందనే అంటాం కదా! లాప్‌టాప్ చెప్పేదీ అదే. ఇప్పుడు ఎంత పడుతుందో అందులో నూరు శాతమే తప్ప, కొన్ననాటి లెక్కలో కాదు. పైగా ముసలి బ్యాటరీకి ఇంకో అవలక్షణం ఉంది. లోపలి నిరోధం పెరిగిపోవడం వల్ల, ఒక్కసారిగా పని ఎక్కువైతే వోల్టేజి పడిపోతుంది. అందుకే వీడియో పెట్టగానే ముప్ఫై శాతం ఉన్నది కాస్తా టక్కున ఆరిపోతుంది.

మామూలు లాప్‌టాప్ బ్యాటరీ మూడొందలనుంచి ఐదొందల పూర్తి చార్జింగుల తర్వాత మొదటి శక్తిలో ఎనభై శాతానికి దిగుతుందని లెక్క. వెయ్యి దాకా వస్తాయని చెప్పే కంపెనీలూ ఉన్నాయి. సగం సగం రెండుసార్లు ఎక్కిస్తే అది ఒక్క చార్జింగు కిందే జమ. కాబట్టి "మాటిమాటికీ ప్లగ్గు పెట్టకురా, పాడవుతుంది" అని పిల్లల్ని కోప్పడాల్సిన పని లేదు.

ముందు నిజంగా బ్యాటరీయేనా?

డబ్బు ఖర్చుపెట్టే ముందు ఇది తేల్చుకోవాలి. ఎందుకంటే బ్యాటరీ బాగున్నా చార్జి ఎక్కని సందర్భాలున్నాయి. అడాప్టర్ వైరు మెడ దగ్గర విరిగి ఉండొచ్చు. పిన్ను గుచ్చే చోటు వదులై, వైరుని ఒక పక్కకి వంచితేనే చార్జి ఎక్కుతూ ఉండొచ్చు. ఇంట్లోనో పక్కింట్లోనో అదే రకం, అదే వోల్టేజి అడాప్టర్ ఉంటే పెట్టి చూడండి.

ఇంకో తమాషా. అరవై దగ్గరో ఎనభై దగ్గరో ఆగిపోయి, ఎంతసేపు ప్లగ్గులో ఉంచినా ముందుకి కదలకపోతే బ్యాటరీ చెడిందని కంగారు పడకండి. బ్యాటరీ ఎక్కువ కాలం మన్నడానికని కంపెనీలు పెట్టిన ఏర్పాటు అది. లెనోవోలో దాన్ని కన్జర్వేషన్ మోడ్ అంటారు, ఏసస్‌లో బ్యాటరీ హెల్త్ చార్జింగ్ అంటారు. మిగతా కంపెనీల్లోనూ ఏదో ఒక పేరుతో ఉంటుంది. ఇంట్లో ఎవరో తెలియక నొక్కేసి ఉంటారు. ఆ సంగతి తెలియకపోతే చెడని బ్యాటరీని మార్చుకుని వచ్చేస్తాం.

ఈ రెండూ కాదని తేలాక బ్యాటరీ ఆరోగ్యం మీరే చూడొచ్చు. దీనికి మెకానిక్ అక్కర్లేదు. విండోస్ ఉన్న లాప్‌టాప్ అయితే, స్టార్ట్ నొక్కి సి-ఎం-డి అని టైపు చేసి ఎంటర్ కొట్టండి. నల్లటి గడి ఒకటి తెరుచుకుంటుంది. అందులో పి-ఓ-డబ్ల్యు-ఇ-ఆర్-సి-ఎఫ్-జి అని కలిపి కొట్టి, ఒక ఖాళీ వదిలి, ముందుకి వాలిన గీత అంటే స్లాష్ పెట్టి, దానికి ఆనుకుని బ్యాటరీ రిపోర్ట్ అనే రెండు మాటలూ ఖాళీ లేకుండా ఇంగ్లీషులో కొట్టండి. ఎంటర్ నొక్కగానే ఒక నివేదిక తయారై, అది ఏ ఫోల్డర్‌లో ఉందో కూడా అక్కడే రాసి చూపిస్తుంది. దాన్ని తెరవండి. చదవడానికి చాలా ఉంటుంది గానీ మనకి కావలసినవి రెండే అంకెలు. డిజైన్ కెపాసిటీ అంటే కొన్నప్పుడు పట్టినది. ఫుల్ చార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు పడుతున్నది.

ఉదాహరణకి మొదటిది 41,000 అనీ, రెండోది 18,000 అనీ ఉందనుకోండి. 18ని 41తో భాగించి వందతో హెచ్చిస్తే 44 వస్తుంది. అంటే సగానికన్నా తక్కువే మిగిలిందన్నమాట. ఎనభైకి పైన ఉంటే బ్యాటరీ జోలికి పోకండి. అరవై, డెబ్భై మధ్య ఉంటే ఇంట్లో అవసరాన్ని బట్టి కొన్నాళ్లు నెట్టుకు రావచ్చు. యాభైకి దిగిందంటే మార్చడమే మేలని నా అభిప్రాయం. యాపిల్ కంపెనీ లాప్‌టాప్ అయితే ఈ కూడికలూ తీసివేతలూ లేవు. సెట్టింగ్స్‌లో బ్యాటరీ అన్నచోట చూస్తే దాని స్థితి మామూలుగా ఉందో, మార్చాల్సిన వేళయిందో రాసి ఉంటుంది.

పొత్రం బరువు పెట్టారు!

ఇప్పుడు అసలు భయపడాల్సిన సంగతి. మా పక్కింటి పిన్నిగారు కార్తీకమాసం వంటకాల జాబితాలూ, చుట్టాల ఫొటోలూ అన్నీ మనవడి పాత లాప్‌టాప్‌లోనే దాచుకుంటారు. ఒకరోజు వెళితే ఆవిడ లాప్‌టాప్ మూత మీద గుడ్డ పరిచి, దాని మీద రుబ్బురోలు పొత్రం పెట్టి ఉంచారు! "ఇదేమిటి పిన్నిగారూ?" అంటే, "మూత సరిగ్గా పడడం లేదమ్మా. మధ్యలో ఎత్తుగా లేచింది. రాత్రంతా బరువు పెడితే సర్దుకుంటుందని..." అన్నారు అమాయకంగా. నా గుండె ఆగినంత పనైంది.

ఆ ఎత్తు ఎక్కడిదనుకున్నారు? లోపలి బ్యాటరీ ఉబ్బింది. ముసలిదైన బ్యాటరీలో, ముఖ్యంగా వేడికి నలిగిన దానిలో, లోపలి ద్రవం విచ్ఛిన్నమై వాయువు పుడుతుంది. పైన ఉన్నది పలచని సంచిలాంటి తొడుగు కాబట్టి పూరీలా పొంగుతుంది. పొంగి, పైనున్న భాగాల్ని తోస్తుంది. ఆ సంచికి చిల్లు పడినా, గట్టిగా నొక్కుకుపోయినా లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి నిప్పంటుకోవచ్చు. పిన్నిగారు పెట్టిన పొత్రం సరిగ్గా ఆ పని చేసి ఉండేదే.

కాబట్టి ఈ వారమే, ఈ పత్రిక పక్కన పెట్టగానే, ఇంట్లో ఉన్న పాత లాప్‌టాప్‌లన్నీ ఒకసారి బల్ల మీద పెట్టి చూడండి. అటక మీద పడేసినవీ దించండి. బల్ల మీద సమంగా కూర్చోకుండా అటూ ఇటూ ఊగుతోందా? వేలితో తుడిచే పలక, అదే టచ్‌పాడ్, పైకి లేచిందా? నొక్కితే నొక్కుకోవడం లేదా? మూత వేస్తే ఒక మూల సందు కనిపిస్తోందా? అడుగు అట్ట విచ్చుకుందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అనుమానించాల్సిందే.

అలా కనిపిస్తే ఏం చెయ్యాలి? ప్లగ్గు తీసెయ్యండి. యంత్రం ఆపెయ్యండి. మళ్లీ చార్జి పెట్టకండి, "ఒక్క ఐదు నిమిషాలు" అని పిల్లలు బతిమాలినా సరే. పరుపు మీదా, చెక్క బీరువాలోనూ కాకుండా, గ్యాసు పొయ్యికీ ఎండకీ దూరంగా గచ్చు నేల మీదో టైల్స్ మీదో ఉంచండి. చుట్టూ కాగితాలూ బట్టలూ లేకుండా చూడండి. నొక్కకండి, సూదితో గాలి తీద్దామని చూడకండి, చల్లబడుతుందని ఫ్రిజ్‌లో పెట్టకండి. ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా సర్వీసు సెంటరుకి తీసుకెళ్లండి. తీసుకెళ్లేటప్పుడు కూడా కూరగాయల సంచి అడుగున కుక్కకుండా, దేనికీ ఒత్తుకోకుండా పట్టుకెళ్లాలి.

ఒకవేళ పొగ రావడం మొదలైతే దాన్ని చేత్తో పట్టుకుని బయటికి పరుగెత్తే సాహసం వద్దు. ఆ పొగ విషం. అందుబాటులో ఉంటే మెయిన్ స్విచ్ ఆపి, పిల్లల్నీ పెద్దవాళ్లనీ తీసుకుని బయటికి వచ్చేసి, 101కి ఫోన్ చెయ్యండి.

పిన్నిగారి లాప్‌టాప్ సంగతి చెప్పలేదు కదూ! పొత్రం దించి, దాన్ని వరండాలో నీడపట్టున నేల మీద ఉంచి, సాయంత్రానికల్లా షాపుకి చేర్చాం. బ్యాటరీ ఒక్కటే మార్చారు. ఫొటోలూ వంటకాలూ భద్రంగా ఉన్నాయి. దానికి ముందు వెళ్లిన షాపులో "మదర్‌బోర్డ్ పోయిందమ్మా, ఇది బాగుపడదు, మా దగ్గర పాతవి మంచివి ఉన్నాయి" అన్నారన్నది వేరే కథ. అడుగు విప్పి చూడకుండానే అలా తేల్చే చోట మరుక్షణం నిలబడక్కర్లేదు.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు

మొదట అడగాల్సింది కంపెనీ సర్వీసు సెంటర్నే. లాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరు ఫోన్‌లో ఫొటో తీసి పంపితే ధర చెబుతారు. పాత మోడల్ కాబట్టి లేదంటే అప్పుడు బయటి షాపుల వైపు చూడాలి. సికిందరాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల వరసగా కంప్యూటర్ షాపులే. అక్కడ ఒకే బ్యాటరీకి నాలుగు ధరలు వినిపిస్తాయి. చీర కొనేటప్పుడు అంచు తిప్పి చూసినట్టే దీన్నీ తిప్పి చూడండి. పాత బ్యాటరీ మీద ఉన్న పార్టు నంబరూ, వోల్టేజీ కొత్తదాని మీద ఉన్నవాటితో సరిపోవాలి. వాట్ అవర్లు అని ఉన్న అంకె దాని సామర్థ్యం. పాతదానికి దగ్గరగా ఉండాలి. బీఐఎస్ ముద్ర, దానితోపాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ సంఖ్య ఉన్నాయో లేదో చూడండి. తయారైన తేదీ తప్పకుండా చూడాలి. ఎందుకంటే బ్యాటరీ వాడకపోయినా ముసలిదవుతుంది. రెండేళ్లు అరలో మగ్గిన కొత్త బ్యాటరీ నిజానికి కొత్తది కాదు.

"పైది ఉంచి లోపలి సెల్స్ మాత్రం మారుస్తాం, సగం ధరకే అవుతుంది" అనేవాళ్లూ ఉంటారు. సగం ధర అనగానే మనసు లాగుతుంది, నిజమే. కానీ సెల్స్ అతికే పనీ, వాటిని కాపాడే చిన్న సర్క్యూటూ సరిగ్గా కుదరకపోతే ప్రమాదం మన ఇంట్లోనే. పిల్లలు ఒళ్లో పెట్టుకునే వస్తువు విషయంలో ఈ పొదుపు నాకు నచ్చదు.

లాప్‌టాప్ ఇచ్చే ముందు ఫొటోలూ కాగితాలూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. వీలైతే మార్చేదాకా అక్కడే కూర్చోండి. రసీదు మీద గడువు రాయించుకోండి.

మార్చడం దండగ అయ్యే సందర్భాలూ లేకపోలేదు. యంత్రమే నత్తనడక నడుస్తుంటే, తెర చారలు పడుతుంటే ఆలోచించాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ యంత్రం విండోస్ 11ని తీసుకుంటుందో లేదో కనుక్కుని, ఆ తర్వాతే బ్యాటరీ మీద డబ్బు పెట్టండి.

బ్యాటరీ ఉబ్బలేదు, కానీ మార్చే స్తోమత ఈ నెల లేదు అనుకోండి. లాప్‌టాప్‌ని ప్లగ్గులో పెట్టే వాడుకోవచ్చు. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోయినప్పుడు రెప్పపాటు ఖాళీ వచ్చి లాప్‌టాప్ ఆగిపోతుంటే, చాలా ఇన్వర్టర్లకి యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటుంది. అటు మారిస్తే ఆ ఖాళీ తగ్గిపోతుంది. పరీక్షలున్న రోజుల్లో ఇదొక్కటి చూసుకున్నా అమ్మాయికి ఏడుపు తప్పుతుంది.

పాతదాన్ని ఉల్లిపాయలకి వెయ్యకండి

పాత ఇనుముకీ ప్లాస్టిక్కుకీ ఉల్లిపాయలిచ్చే బండి వీధిలోకి వస్తూనే ఉంటుంది. తీసిన బ్యాటరీని మాత్రం ఆ బండిలో వెయ్యకండి. చెత్త బండి పొడి చెత్తలోనూ వద్దు. లారీలో నలిగినప్పుడు మంట పుట్టేది ఇలాంటివాటితోనే. దాన్ని ఎత్తేది కూడా మనలాంటి ఓ తల్లే. లోహం కనిపించే చోట టేపు అంటించి, బ్యాటరీ మార్చిన చోటే ఇచ్చెయ్యండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని వెనక్కి సేకరించి శుద్ధిచేయించే బాధ్యత తయారుచేసే కంపెనీలదే. బ్యాటరీ మీద చెత్తబుట్ట బొమ్మకి అడ్డంగా గీతలు కొట్టి ఉండేది ఈ సంగతి చెప్పడానికే.

ఇక కొత్తది వచ్చాక. మొదటిరోజు ఎనిమిది గంటలు చార్జి పెట్టాలి, పూర్తిగా దించి మళ్లీ ఎక్కించాలి అని మీ మరిది చెప్పినా పట్టించుకోకండి. అవి వెనకటి నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి మాటలు. ఇన్వర్టర్ బ్యాటరీ అలవాటునీ దీనికి అంటగట్టకండి. అందులో ఉన్నది సీసం. అది ఎప్పుడూ నిండుగా ఉంటేనే సుఖపడుతుంది. లిథియం దానికి రివర్సు. రాత్రింబగళ్లు నూరు దగ్గర నిండుగా, అదీ వేడిలో ఉండడమే దాని ఆయుష్షు తగ్గించేది. అపురూపంగా చూసుకున్నాం, ఎప్పుడూ ప్లగ్గు తియ్యలేదు అనేవాళ్ల బ్యాటరీలు ముందే ముసలివవడం అందుకే. ఇందాక చెప్పిన ఎనభై శాతం ఏర్పాటు ఉంటే పెట్టేసుకోండి.

వేడి సంగతి మీకు నేను చెప్పాలా? మే నెలలో దుప్పటి మీద లాప్‌టాప్ పెట్టుకుని సినిమా చూసే పిల్లల్ని చూస్తూనే ఉన్నారు. అడుగున గాలి పోయే కన్నాలు దుప్పటితో మూసుకుపోతాయి. చపాతీ పీట ఒకటి ఇవ్వండి, చాలు. ఎత్తుగా, గట్టిగా ఉంటుంది. వేసవి సెలవులకి ఊరెళుతుంటే సగం చార్జితో ఆపేసి, ఎండ తగలని గదిలో ఉంచి వెళ్లండి. కారులో మాత్రం వదిలెయ్యకండి.

అమెరికాలో ఉన్న అబ్బాయి "అమ్మా, వచ్చేటప్పుడు నా పాత లాప్‌టాప్‌కి అక్కడ బ్యాటరీ కొని తీసుకురా" అన్నాడనుకోండి. పచ్చళ్లూ పొడులూ పెద్ద పెట్టెలో సర్దినా, విడి బ్యాటరీని మాత్రం చేతి సంచిలోనే, విడిగా కవరులో పెట్టి, మీ వెంట విమానంలోకి తీసుకెళ్లాలి. పెద్ద పెట్టెలో పెడితే తెరిపించి తీయిస్తారు. వంద వాట్ అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి ముందే తీసుకోవాలి. ఆ అంకె బ్యాటరీ మీదే ఉంటుంది, కొనేటప్పుడే చూసుకోండి.